శాప్‌లో మార్పుల ప్రయాణం

పెద్ద కంపెనీల జీతాలు, లెక్కలు నడిపే శాప్‌లో సాధారణంగా 3 సిస్టమ్‌లు ఉంటాయి. డెవలప్‌మెంట్‌లో మార్పు చేస్తాం, క్వాలిటీలో పరీక్షిస్తాం, ప్రొడక్షన్‌లో అసలు పని జరుగుతుంది.

చేసిన మార్పు ‘ట్రాన్స్‌పోర్ట్ రిక్వెస్ట్’ అనే నంబరున్న మూటలో చేరుతుంది. ముందు అందులోని టాస్కులను, తర్వాత రిక్వెస్టును రిలీజ్ చేయాలి. ఆపై ఎస్‌టీఎంఎస్ ద్వారా క్వాలిటీలోకి, పరీక్ష నెగ్గాక ప్రొడక్షన్‌లోకి ఇంపోర్ట్ చేస్తారు.

వరుస తప్పకూడదు. ఒకే సెట్టింగు రెండు రిక్వెస్టుల్లో ఉంటే చివర వెళ్ళినదే నిలుస్తుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను పాతదాన్ని వెనుక పంపాను. సరిచేసిన జీతాల సెట్టింగు చెరిగిపోయింది. జీతాల రోజుకు ముందు రాత్రి, సరైన రిక్వెస్టును మళ్ళీ ఇంపోర్ట్ చేసేదాకా నాకు కునుకు లేదు.

అప్పటి నుంచి నంబర్లు వరుసగా కాగితం మీద రాసుకున్నాకే పంపుతున్నాను. మీరూ ఈ అలవాటు చేసుకోండి.