కొత్త ప్యానెల్ ఎందుకు కాలింది? స్విచ్‌గేర్‌పై సందేహాలు - సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం ఇంటి మెయిన్ బోర్డు, మిల్లు ప్యానెల్, పొలంలోని స్టార్టర్ డబ్బా గురించే. అన్నీ 230, 415 వోల్టుల సంగతులే. హెచ్‌టీ లైను దగ్గర పడే భయంలో సగం కూడా వీటి దగ్గర పడం. రోజూ చేత్తో తాకేది మాత్రం వీటినే. అందుకే కొన్ని జవాబులు కాస్త పొడవుగా రాస్తున్నాను.

ప్రశ్న: మా మిల్లులో ఆరు నెలల కిందట కొత్త ప్యానెల్ పెట్టించాం. 200 ఆంపియర్ల ఎంసీసీబీ, పేరున్న కంపెనీదే. మొన్న ఇన్‌కమింగ్ కేబుల్ లగ్గు నల్లగా మాడి, పక్కనున్న ప్లాస్టిక్ కరిగింది. లోడు ఎప్పుడూ 150 ఆంపియర్లు దాటలేదు, బ్రేకరు ట్రిప్ కాలేదు. బ్రేకరే నకిలీది అంటున్నాడు మా ఎలక్ట్రీషియన్. నిజమేనా?
*- రైస్ మిల్లు సూపర్‌వైజర్, మిర్యాలగూడ*

జవాబు: మీరు రాసినదాంట్లో బ్రేకరును అనుమానించాల్సిన లక్షణం ఒక్కటీ లేదు. తప్పు జాయింటులో ఉంది.

లెక్క వేసి చూడండి. గట్టిగా, శుభ్రంగా బిగించిన జాయింటులో రెసిస్టెన్స్ మైక్రో ఓముల్లో ఉంటుంది. 20 మైక్రో ఓములు అనుకుంటే 150 ఆంపియర్ల దగ్గర అక్కడ పుట్టే వేడి అర వాటు కూడా ఉండదు. అదే జాయింటు వదులై రెసిస్టెన్స్ 2 మిల్లీ ఓములకు చేరితే 45 వాట్లు. సోల్డరింగ్ ఐరన్‌ను పగలూ రాత్రీ ఆ లగ్గుకే ఆనించి ఉంచినట్టు. బ్రేకరు చూసేది కరెంటును. ఆ కరెంటు 150 దాటలేదు కాబట్టి దానికి ట్రిప్ అయ్యే కారణమే లేదు. వదులు జాయింటును ఎంసీసీబీ గానీ, ఫ్యూజు గానీ పట్టుకోలేవు. దాన్ని బిగించే మనిషి చెయ్యి మాత్రమే ఆపగలదు.

మీది అల్యూమినియం ఆర్మర్డ్ కేబుల్ అయి ఉంటుంది. అల్యూమినియానికి రెండు గుణాలున్నాయి. గాలి తగిలిన క్షణాల్లోనే పైన ఆక్సైడ్ పొర కడుతుంది, అది కరెంటును సరిగా పోనివ్వదు. రెండోది, ఒత్తిడిలో ఉంచితే మెల్లగా అణిగి సాగుతుంది, వేడెక్కి చల్లారిన కొద్దీ బిగువు తగ్గుతుంది. కాబట్టి లగ్గు వేసే ముందు తీగను వైర్ బ్రష్‌తో గీకి, వెంటనే జాయింటింగ్ పేస్టు పూసి, ఆ సైజుకు చెందిన డైతోనే క్రింప్ చెయ్యాలి. రాగి బస్‌బార్‌కు అల్యూమినియం లగ్గును నేరుగా బిగించకూడదు. తేమ చేరితే రెండు లోహాల మధ్య తినివేత మొదలవుతుంది. రాగి, అల్యూమినియం రెండూ కలిసిన బైమెటల్ లగ్గు వాడాలి, లేదా తగరం పూత ఉన్నవి వాడాలి.

ఇక మన దగ్గర తరచుగా కనిపించే మూడు పనులు ఉన్నాయి. లగ్గు చిన్నదైతే కేబుల్‌లో నాలుగు పోగులు కత్తిరించి దూర్చడం. లగ్గుకూ బస్‌బార్‌కూ మధ్య వాషరు వేయడం. ఒకే బోల్టు కింద రెండు లగ్గులు పెట్టడం. మూడూ మాడిపోవడానికి దారులే. లగ్గు ముఖం బస్‌బార్ ముఖానికి నేరుగా ఆనాలి, వాషర్లు బయటి వైపే ఉండాలి. కేబుల్ బరువు టెర్మినల్ మీద వేలాడకుండా కింద క్లాంపు ఉండాలి.

ఎంత బిగించాలన్నది చేతి అంచనాకు వదిలేది కాదు. ప్రతి బ్రేకరు మీద గానీ, దానితో వచ్చే కాగితంలో గానీ న్యూటన్ మీటర్లలో అంకె ఉంటుంది. టార్క్ రెంచితో ఆ అంకెకు బిగించి, బోల్టు మీదుగా పెయింటుతో ఒక గీత గీయించండి. గీత తెగి కనిపిస్తే బోల్టు కదిలిందన్నమాట. పైపు తొడిగి బలమంతా పెట్టి బిగించడం కూడా తప్పే, మరలు తెగుతాయి, టెర్మినల్ పగులుతుంది. టార్క్ రెంచి లేని కాంట్రాక్టరుకు ప్యానెల్ పని ఇవ్వకండి. ఇది నా గట్టి అభిప్రాయం.

మిల్లు కాబట్టి ఇంకో మాట. తవుడు, ఊక దుమ్ము లోపల పేరుకుంటే వేడి బయటకు పోదు, తేమ చేరితే ఫేజుల మధ్య దారి ఏర్పడుతుంది. దుమ్ము ఉండే చోట ప్యానెల్ కనీసం ఐపీ 54 తరగతిదై ఉండాలి. ఐపీ 54 డబ్బా కొని, పైకప్పుకు రంధ్రం చేసి, గ్లాండు లేకుండా కేబుల్ దింపితే ఆ తరగతి అక్కడితో పోయినట్టే. కేబుల్ కింది నుంచి, గ్లాండు ప్లేటు ద్వారా రావాలి. ఎంసీసీబీతో వచ్చే ఫేజ్ బ్యారియర్లను అడ్డమని తీసి పక్కన పడేస్తుంటారు. మీ ప్యానెల్‌లో ఉన్నాయేమో చూడండి.

ఇప్పుడు చెయ్యాల్సిన పని: మాడిన చోటు నుంచి కేబుల్‌ను మంచి లోహం వచ్చేదాకా వెనక్కి కోసి కొత్త లగ్గు వేయించండి. బ్రేకరు టెర్మినల్ రంగు మారి ఉంటే దాన్నీ మార్చాల్సిందే. తిరిగి కరెంటు ఇచ్చే ముందు 500 వోల్టుల మెగ్గరుతో ఇన్సులేషన్ చూడమనండి, కనీసం 1 మెగా ఓము రావాలి. మెగ్గరు వేసేటప్పుడు మీటర్లు, ఎలక్ట్రానిక్ రిలేలు, సర్జ్ ప్రొటెక్టర్లు విప్పి ఉంచాలి, లేకపోతే అవి పాడవుతాయి. నెల తర్వాత లోడు మీద ఉండగా థర్మల్ కెమెరాతో ఒకసారి చూపించండి. మూడు ఫేజుల్లో ఒకటి మిగతా రెంటికన్నా వేడిగా కనిపిస్తే, కరెంటు తీసి ఆ జాయింటు విప్పాల్సిందే.

ప్రశ్న: వాన పడిన రాత్రల్లా మా ఇంట్లో ఆర్‌సీసీబీ పడిపోతోంది. ఎలక్ట్రీషియన్ దాన్ని తీసేసి మామూలు ఐసోలేటరు పెడతానంటున్నాడు. ఒప్పుకోమంటారా?
*- గృహిణి, రాజమహేంద్రవరం*

జవాబు: ఒప్పుకోకండమ్మా. వాన పడినప్పుడే పడిపోతోందంటే అది సరిగ్గా పనిచేస్తున్నట్టు. ఇంట్లో ఎక్కడో తడిసిన చోట కరెంటు నేలకు కారుతోంది. ఆ పరికరాన్ని తీసేస్తే కారడం ఆగదు, మీకు తెలియడం ఆగుతుంది.

ఫేజులో వెళ్లిన కరెంటు, న్యూట్రల్‌లో తిరిగి వచ్చిన కరెంటు సమానంగా ఉన్నాయా అని అది పోల్చి చూస్తుంది. ఇళ్లలో వాడే 30 మిల్లీ ఆంపియర్ల రకం, తేడా 15 నుంచి 30 మిల్లీ ఆంపియర్ల మధ్యకు రాగానే పడిపోతుంది. మనిషి ప్రాణాన్ని దృష్టిలో పెట్టుకుని నిర్ణయించిన అంకె అది.

వెతకడం ఇలా. అన్ని ఎంసీబీలు కిందికి దించి ఆర్‌సీసీబీ ఎత్తండి. తర్వాత ఒక్కో ఎంసీబీ ఎత్తుతూ పోండి. ఏది ఎత్తగానే పడిపోతే లోపం ఆ లైనులో ఉంది. వానకు సంబంధించింది కాబట్టి ముందుగా గేటు దీపం, మేడ మీది లైటు, బయట ఉన్న బోరు మోటారు, గోడలో తేమ పట్టే జంక్షన్ బాక్సు అనుమానించండి. అన్నీ దించి ఉంచినా పడిపోతున్నా, ఏది ఎత్తినా పడిపోతున్నా, న్యూట్రల్ తీగ ఎక్కడో ఎర్త్‌ను తాకుతోందని చాలావరకు చెప్పొచ్చు. సింగిల్ పోల్ ఎంసీబీ ఫేజును మాత్రమే తెంచుతుంది, న్యూట్రల్ అలాగే ఉంటుంది కదా. అప్పుడు న్యూట్రల్ బార్ నుంచి ఒక్కో తీగ విప్పి చూడాలి. అది మీరు చేసే పని కాదు, పర్మిట్ ఉన్న వైర్‌మ్యాన్ చేత చేయించండి.

దాని మీదున్న టెస్ట్ బటన్ నెలకోసారి నొక్కండి. నొక్కినా పడకపోతే మార్చాలి. ఆ బటన్ పరికరాన్నే పరీక్షిస్తుంది, మీ ఇంటి ఎర్తింగ్‌ను కాదు. దాన్ని ఎర్త్ టెస్టరుతో వేరుగా చూపించుకోవాలి.

ప్రశ్న: ఏసీ లైనులో 20 ఆంపియర్ల ఎంసీబీ పడిపోతోందని 32 ఆంపియర్లది వేశాం. ఇప్పుడు బాగుంది. ఫర్వాలేదా?
*- దుకాణదారు, ఒంగోలు*

జవాబు: ఫర్వాలేదనడానికి లేదు. వైరు 2.5 చదరపు మిల్లీమీటర్లదైతే ఈరోజే మళ్లీ 20 పెట్టండి. ఎంసీబీ కాపాడేది ఏసీని కాదు, గోడలోని వైరును. ఇప్పుడు వైరు కాలే దశ దాటాక గానీ అది పడదు. ఒకటిన్నర టన్నుల ఏసీ మామూలుగా పది ఆంపియర్ల లోపే తీసుకుంటుంది. 20 పడిపోతోందంటే అదే లైనులో ఇంకేదో కలిసి ఉండాలి, లేదా కంప్రెసర్‌లో లోపం ఉండాలి, లేదా ఎంసీబీ స్క్రూ వదులై వేడెక్కుతూ ఉండాలి. స్టార్ట్ అయ్యేటప్పుడు మాత్రమే పడిపోతుంటే బి కర్వ్ తీసి సి కర్వ్ వేయండి. బి రకం రేటింగుకు 3 నుంచి 5 రెట్లకు క్షణంలో పడుతుంది, సి రకం 5 నుంచి 10 రెట్లకు.

కొనేటప్పుడు ఐఎస్‌ఐ గుర్తు, దానితో ఉండే సీఎం/ఎల్ నంబరు చూసుకోండి. ఆ నంబరును బీఐఎస్ కేర్ యాప్‌లో కొడితే లైసెన్సు ఎవరిదో కనిపిస్తుంది.

ప్రశ్న: మా 5 హెచ్‌పీ బోరు స్టార్టర్ డబ్బా ముట్టుకుంటే జివ్వుమంటోంది. ఎర్త్ ఉంది, ఇనుప కడ్డీ పాతి తీగ కట్టాం. ఫ్యూజులు కూడా ఉన్నాయి. మరి ఫ్యూజు ఎందుకు పోవట్లేదు?
*- రైతు, కల్వకుర్తి*

జవాబు: ముందు ఆ డబ్బాను ఎవరూ ముట్టుకోకుండా చూడండి. మోటారు ఆపేసి, 1912కు ఫోన్ చేసో, లైన్‌మ్యాన్‌కు చెప్పో సరఫరా తీయించండి. జివ్వుమనేది ఈరోజు నేల పొడిగా ఉండబట్టి. తడి కాళ్లతో అదే డబ్బా ప్రాణం తీస్తుంది.

మీ ప్రశ్న సరైన ప్రశ్న. మీ కడ్డీ రెసిస్టెన్స్ 20 ఓములు ఉందనుకుందాం. మీ వైపు ఎర్ర చెలకల్లో, రాతి నేలల్లో అంతకన్నా ఎక్కువే ఉండొచ్చు. ఫేజు తీగ డబ్బాకు తగిలితే 230ని 20తో భాగించండి, 11.5 ఆంపియర్లు. ఫ్యూజు 20 ఆంపియర్లదైతే అది ఎంతసేపైనా పోదు. డబ్బా అలాగే కరెంటుతో ఉండిపోతుంది. ఫ్యూజు పోతే మళ్లీ మళ్లీ కట్టాల్సి వస్తుందని లావు రాగి తీగ కట్టి ఉంటే ఇక చెప్పనక్కర్లేదు.

అందుకే పొలంలో ఎర్త్ ఒక్కటే చాలదు, దానితో పాటు ఎర్త్ లీకేజి బ్రేకరు కావాలి. నాలుగు పోల్స్ ఆర్‌సీసీబీ వేయించండి. 30 మిల్లీ ఆంపియర్లది మేలు. బోరు కేబుల్ పొడవు వల్ల ఊరికే పడిపోతుంటే, డబ్బాకు మంచి ఎర్త్ ఉందని కొలిచి చూసుకున్నాకే 100కు వెళ్లండి. మీ మోటారుకు న్యూట్రల్ లేదు. చాలా మోడళ్లలో టెస్ట్ బటన్‌కు న్యూట్రల్ అవసరం కాబట్టి కనెక్షన్ కంపెనీ కాగితంలోని బొమ్మ ప్రకారమే ఇవ్వాలి.

మూడు ఫేజుల 415 వోల్టుల పరికరం ఇనుప డబ్బాకు రెండు వేర్వేరు ఎర్త్ తీగలు ఉండాలని నిబంధన. కట్టుతీగతో చుట్టి వదిలేయకుండా లగ్గు వేసి బోల్టుతో బిగించాలి. ఎర్త్ గుంత దగ్గర ఎండాకాలంలో నీళ్లు పోస్తూ ఉండాలి. డబ్బాను మనిషి ఛాతీ ఎత్తున, రేకు కప్పు కింద పెట్టి, ముందు పొడి చెక్క పలక గానీ రబ్బరు మ్యాటు గానీ వేయండి. ఓవర్‌లోడ్ రిలేను మోటారు ప్లేటు మీద రాసిన ఆంపియర్లకే తిప్పి పెట్టండి. సింగిల్ ఫేజింగ్ ప్రివెంటర్ కూడా ఉండాలి.

ఆటో స్టార్టర్ ఉంటే తీసేయండి. తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల సరఫరా 2018 జనవరి 1న మొదలైంది. రాత్రిపూట కరెంటు కోసం కాచుకునే రోజుల్లో పెట్టుకున్న పరికరం అది. కరెంటు పోయిందని మీరు మోటారు దగ్గర చెయ్యి పెట్టిన సమయంలో కరెంటు తిరిగి వస్తే అది తనంతట తాను మోటారును తిప్పుతుంది.

ప్రశ్న: అపార్ట్‌మెంట్ మెయిన్ ప్యానెల్ ముందు సైకిళ్లు, పాత సామాను పెడుతున్నారు. చెబితే వినడం లేదు. నిబంధన ఏమైనా ఉందా?
*- సంఘం కార్యదర్శి, విజయవాడ*

జవాబు: ఉంది. స్విచ్‌బోర్డు ముందు కనీసం 1 మీటరు ఖాళీ ఉండాలి. వెనుక వైపు కనెక్షన్లు ఉంటే ఆ ఖాళీ 20 సెంటీమీటర్ల లోపైనా ఉండాలి, 75 సెంటీమీటర్ల పైనైనా ఉండాలి. మనిషి దూరలేనంత ఇరుకు గానీ, నిలబడి పనిచేయగలిగినంత చోటు గానీ ఉండాలి, మధ్యస్థంగా ఉంటే ఇరుక్కుపోతాడు. మంటలు లేచినప్పుడు మెయిన్ దించాల్సిన మనిషికి ఆ మీటరు దారి కావాలి. ఈ మాటలే రాసి ప్యానెల్ తలుపు మీద అంటించండి.

ప్రశ్న: ఐటీఐ చేసి కాంట్రాక్టరు దగ్గర పనిచేస్తున్నాను. ఫ్యాక్టరీల్లో ప్యానెల్ పని కరెంటు ఉండగానే చేయమంటారు, ఉత్పత్తి ఆగిపోతుందట. టెస్టరుతో చూసుకుని చేస్తున్నాను. ఇంకేం జాగ్రత్త తీసుకోవాలి?
*- యువ ఎలక్ట్రీషియన్, వరంగల్*

జవాబు: కరెంటు ఉండగా బ్రేకరు మార్చడం, లగ్గు బిగించడం చెయ్యకండి. అందులో తీసుకునే జాగ్రత్తంటూ ఏదీ లేదు. స్పానరు జారి రెండు ఫేజుల మధ్య పడితే వేల డిగ్రీల ఆర్క్ లేస్తుంది. ముఖం, చేతులు కాలడానికి దాన్ని తాకనక్కర్లేదు. ఆర్‌సీసీబీ ఉందన్న ధీమా కూడా వద్దు. ఒక చెయ్యి ఫేజు మీద, ఒక చెయ్యి న్యూట్రల్ మీద ఉంటే అది మిమ్మల్ని బల్బులాంటి లోడే అనుకుంటుంది.

లైన్‌మ్యాన్లు ఎల్‌సీ (లైన్ క్లియర్ అనుమతి) తీసుకోకుండా స్తంభం ఎక్కకూడదు కదా, ప్యానెల్‌కూ అదే పద్ధతి. బ్రేకరు దించి, తాళం వేసి, తాళంచెవి మీ జేబులోనే పెట్టుకోండి. మీ పేరు రాసిన ట్యాగు వేలాడదీయండి. వెనుక నుంచి వచ్చే కరెంటును మరవకండి: జనరేటరు, ఇన్వర్టరు, మేడ మీది సోలారు. కెపాసిటర్ ప్యానెల్ ఉంటే ఆపాక కనీసం ఐదు నిమిషాలు ఆగాలి.

తర్వాత కరెంటు లేదని నిరూపించుకోవాలి. నియాన్ టెస్టరును నమ్మకండి. అది వెలగకపోవడానికి కరెంటు లేకపోవడం ఒక్కటే కారణం కాదు. రెండు కొనల వోల్టేజి టెస్టరు వాడండి. ముందు కరెంటు ఉన్న చోట అది పనిచేస్తోందని చూసి, ప్యానెల్‌లో కొలిచి, మళ్లీ కరెంటు ఉన్న చోట చూడండి. మధ్యలో టెస్టరు పాడైతే ఆ మూడో చూపులో తెలుస్తుంది. మూడు ఫేజులు ఒకదానితో ఒకటి, ప్రతి ఫేజూ న్యూట్రల్‌తో, ప్రతి ఫేజూ ఎర్త్‌తో, న్యూట్రల్ ఎర్త్‌తో, మొత్తం 10 కొలతలు. అన్నీ సున్నా వస్తేనే స్పానరు తీయండి.

మీ యజమాని ఒప్పుకోకపోతే ఈ పేజీ చూపించండి. ఫ్యాక్టరీ యజమానులకు నా విన్నపం: ఆదివారమో, షిఫ్టు మారే వేళో చూసి గంటసేపు సరఫరా ఆపి ఈ కుర్రాళ్ల చేత పని చేయించుకోండి. ఆ గంట ఇవ్వలేనంటే ఆ పనికి మనిషిని పిలవకండి.