అవధానం

మాఘమాసంలో చిలకలూరిపేట నుండి ఏ పల్లెకు వెళ్ళినా కళ్లాలు ఎర్రగా కనిపిస్తాయి. కోసిన మిరపకాయలను రైతులు అక్కడ ఆరబెడతారు. పగలు పలుచగా పరచి, మధ్యమధ్య తిరగవేస్తారు. మంచు తగలకుండా రాత్రికి కుప్పచేసి పట్ట కప్పుతారు. కాయను చెవి దగ్గర ఊపినప్పుడు గింజ గలగలమనాలి. అందుకు పది పదిహేను రోజులు పడుతుంది. తొందరపడి పచ్చి ఉండగానే బస్తాకెత్తితే కాయ బూజు పడుతుంది. గుంటూరు యార్డులో ధర ఎంత పలుకుతున్నదో సెల్‌ఫోనులో క్షణంలో తెలుస్తుంది గాని, ఆ వార్త ఒక్క కాయనైనా ముందుగా ఎండించజాలదు.

మనస్సుకూ ఇటువంటి వ్యవధి కావాలి. చదివిన విషయమైనా, కలిగిన దుఃఖమైనా లోపల కొంతకాలం నిలిస్తేనే పక్వమవుతుంది. ఒక పుట ముగించేలోపల నాలుగుసార్లు ఫోను చూచే విద్యార్థికి ఆ వ్యవధి దొరకదు. సాయంత్రానికి ఎంతో చూచినట్లుంటుంది, ఏదీ గుర్తుండదు. ఇది కేవలం అతని బలహీనత అనడం న్యాయం కాదు. వేలితో తోసినకొద్దీ అంతం లేకుండా జారే తెరను 2006లో రూపొందించిన అజా రాస్కిన్ అనే అమెరికా సాంకేతిక నిపుణుడే తరువాత అందుకు బహిరంగంగా విచారం ప్రకటించాడు. పుటకు చివర ఉన్నప్పుడు చదువరి అక్కడ ఆగి, ఇక చాలునా అని ఆలోచిస్తాడు. ఆ చివరనే తీసివేశారు.

‘అవధానం’ అనే మాటకు ఏకాగ్రత అని అర్థం. నరసరావుపేటకు సమీపంలోని కొప్పరం గ్రామానికి చెందిన కొప్పరపు సోదరకవులు వేంకట సుబ్బరాయకవి (1885–1932), వేంకట రమణకవి (1887–1942) ఈ విద్యలోనూ, ఆశుకవిత్వంలోనూ పేరొందారు. అష్టావధానంలో ఎనిమిది మంది పృచ్ఛకులు అవధానిని పరీక్షిస్తారు. వారిలో అప్రస్తుతప్రసంగి పని అంతరాయం కలిగించడమే! పద్యం నడుస్తుండగా కూరల సంగతో, పెండ్లి సంగతో ఎత్తుతాడు. అవధాని విసుగుకొనడు, చమత్కారంగా బదులిచ్చి, నిలిపిన పాదానికి తిరిగివస్తాడు. విడతకొక పాదం చొప్పున పద్యాలు పూర్తవుతాయి. చివర ధారణలో వాటన్నింటినీ అప్పగిస్తాడు. అంత సందడి నడుమ ఆయన మనస్సు నిలకడగా ఉండడం మనకు ఆశ్చర్యం కలిగిస్తుంది. అయితే ఒక భేదం గమనించండి. ఆ సభలో అప్రస్తుతప్రసంగి ఒక్కడే. సభ ముగియగానే లేచిపోతాడు. మన చేతిలోని ఫోనులో ఎనిమిది స్థానాలూ అతనివే, ఆ సభకు ముగింపూ లేదు.

ముగింపును మనమే ఏర్పరచుకోవాలి. మహారాష్ట్రలోని సాంగ్లీ జిల్లా మోహిత్యాంచే వడ్‌గావ్ గ్రామస్థులు 2022లో అట్టి ఏర్పాటు చేసుకొన్నారు. సాయంత్రం ఏడు గంటలకు గుడి వద్ద సైరన్ మోగితే గంటన్నరపాటు ఇళ్ళలో ఫోనులు, టీవీలు ఆపివేసేవారు. పిల్లలు పుస్తకాలు తీసేవారు.

మిరప కళ్లంలో సైరన్ అక్కరలేదు. పొద్దు వాలగానే కాయను కుప్పచేయాలి, మంచు దిగకముందే పట్ట కప్పాలి. ఆ అరగంటా ఫోను గట్టుమీద మోగుతూనే ఉంటుంది. పట్ట నాలుగు మూలలా రాళ్ళు పెట్టేదాకా ఎవరూ తీయరు.