స్పర్శ తెలియని మచ్చ

మాఘ శుద్ధ సప్తమి రథసప్తమి. ఆనాడు తిరుమలలో శ్రీవారు సూర్యప్రభతో మొదలిడి చంద్రప్రభ వఱకు ఏడు వాహనములపై మాడవీథులలో విహరింతురు. జిల్లేడాకులు, రేగుపండ్లు తలపై నుంచుకొని స్నానము చేయుట మన ఇండ్లలో చిన్నపిల్లలకును తెలిసినదే. ఆరోగ్యమును భాస్కరుని వలన కోరవలెనని పెద్దల మాట. కావున ఆరోగ్యమునకై ఒక దినమును ఏర్పఱచుకొనుట మనకు క్రొత్త గాదు. అయినను ఈ కాలమున వైద్యులును ప్రభుత్వములును ఏర్పఱచిన ఆరోగ్య దినములను చూచి, "రోగమునకు కూడ ఒక పండుగయా?" అని నవ్వువారు కలరు. ఒకప్పుడు నేనును నవ్వినవాడనే. ఆ నవ్వు ఏల మానితినో చెప్పుటకే ఈ వ్యాసము.

ఏప్రిల్ 7వ తేదీన ప్రపంచ ఆరోగ్య దినమును 1950 నుండి జరుపుచున్నారు. దానిని అందఱు నెఱుగుదురు. నేను చెప్పదలచినది రథసప్తమికి ఇంచుమించు చేరువలో వచ్చు మఱియొక దినము. 1954లో రౌల్ ఫాలెరో అను ఫ్రెంచి దేశీయుడు జనవరి మాసపు చివరి ఆదివారమును కుష్ఠురోగుల కొఱకు ప్రత్యేకించెను. మన దేశమున ఆ దినమును గాంధీ మహాత్ముని వర్ధంతి యగు జనవరి 30న జరుపుకొందుము. మహాత్మునికి ఈ రోగముతో గల సంబంధ మేమి? అది ఒక సంస్కృత పండితుని కథ గావున కొంచెము విపులముగా చెప్పెదను.

పర్చూరే శాస్త్రిగారు గొప్ప సంస్కృత విద్వాంసులు. 1932లో యెరవాడ జైలులో మహాత్ముడున్నప్పుడు వీరును అచ్చటనే ఖైదీగా నుండిరి. రోగము కారణముగా వీరిని వేఱుగా నుంచుటచే ఇరువురకు కలిసికొను వీలు లేకపోయెను. కొన్నేండ్లకు రోగము ముదిరిన మీదట శాస్త్రిగారు సేవాగ్రామము చేరిరి. మహాత్ముడు వారికి తన కుటీర సమీపముననే చిన్న కుటీరము నిచ్చి, స్వయముగా వారి వ్రణములు కడిగి, ఒడలికి తైలమర్దనము చేసెను. శాస్త్రిగారు ఊరక కూర్చుండలేదు. ఆశ్రమవాసులకు సంస్కృతము నేర్పిరి, వివాహమునకు పౌరోహిత్యము వహించిరి. 1945లో వార్ధా చెంతనున్న దత్తపురమున దేహము చాలించిరి. మహాత్ముడు తన నిర్మాణ కార్యక్రమములో కుష్ఠురోగుల సేవను చేర్చుటకు ఈ సాన్నిహిత్యమే దోహదము చేసినదని నా తలంపు. ఇందు నన్ను కదలించినది తైలమర్దనము మాత్రమే గాదు. రోగియైన పండితుని పండితునిగానే నిలిపిరి. పాఠము ఆగలేదు.

ఇక మన పురాణములను చూడుడు. జాంబవతీ తనయుడైన సాంబునికి ఈ రోగము ప్రాప్తించెను. అతడు చంద్రభాగా తీరమున సూర్యు నారాధించి స్వస్థుడయ్యెను. సాక్షాత్తు శ్రీకృష్ణుని కుమారునకే వచ్చిన వ్యాధి ఒకని కులమునకు, గుణమునకు గుఱు తెట్లగును? మన శ్రీకాకుళ సీమలోని శ్రీకూర్మమున వాసుదేవుడను విప్రునికి ఒడలెల్ల వ్రణములై పురుగులు పడుచుండెనట. జారిపడిన పురుగును గూడ ఆతడు తిరిగి వ్రణముననే ఉంచెడివాడట! అట్టి వానిని శ్రీచైతన్యులు కౌగిలించుకొనిరని చైతన్య చరితామృతము తెలుపుచున్నది. వైష్ణవులమైన మనము ఈ కథలను కన్నీటితో వినుచుందుము. విని లేచి, వీథిలో అట్టివాడు ఎదురైనచో ప్రక్కకు తొలగుచుందుము.

దీనికి శాస్త్రమే కారణమని కొందఱందురు. కర్మవిపాక గ్రంథములు ఈ రోగమును మహాపాతక ఫలముగా చెప్పిన మాట నిజము. ఆ గ్రంథములను నేను పాఠము చెప్పినవాడనే, దాచను. అయితే పంటినొప్పియు, జ్వరమును కర్మఫలములే గదా! వానికి వైద్యుని యొద్దకు పరుగెత్తి, దీనికి మాత్రము తలుపు మూయుట ఏ న్యాయము? సుశ్రుతుడు ఈ వ్యాధిని ఒకరినుండి ఒకరికి సంక్రమించు వానిలో చేర్చెను. చర్మమున స్పర్శజ్ఞానము నశించుటను గుర్తించెను. తువరక తైలమును ఔషధముగా విధించెను. ఆ జాతి తైలమునే సూదిమందుగా మార్చి, నిజామాబాదు దాపునున్న డిచ్‌పల్లిలో ఇసబెల్ కెర్ అను వైద్యురాలు ఎందఱికో చికిత్స చేసెను. రాజా నర్సాగౌడు అను దాత ఆమె కండగా నిలువగా 1915లో అచ్చట వైద్యాలయ మేర్పడెను. వైద్యుడు పాపమును వెదకడు, మచ్చను వెదకును.

ఆ మచ్చను నేను చూచియు చూడనివాడనైతిని. పాఠశాలలో నాకన్న రెండేండ్లు పెద్దవాడొకడుండెను. ఆయనను అన్నగారూ అని పిలుచువారము. ఆయన ముంజేతిపై రూపాయి బిళ్ళంత పాలిపోయిన మచ్చ. ఒకనాడు మడపల్లిలో కాగుచున్న గంగాళము అంచును ఆయన పట్టుకొని దింపెను. వ్రేలి చర్మము కమిలి వాసన వచ్చువఱకు ఆయనకు తెలియలేదు. "అన్నగారూ, చేయి కాలినది!" అని నేను కేక వేసితిని. ఆయన నవ్వి, "నా చేయి మొద్దుబారినదిలే స్వామీ" అనెను. నాకు అనుమానము కలిగినది. ఆ మాట నోట పలికినచో ఆయనను పంపివేయుదురను భయమును కలిగినది. ఊరకుంటిని. మా ప్రాంతమున దానిని పేరుపెట్టి పిలువక "పెద్దరోగము" అనుచుందురు. పేరే పలుకని రోగమునకు మం దెట్లడుగుదుము? కొన్నేండ్లలో ఆయన చిటికెనవ్రేలు, ఉంగరపువ్రేలు లోనికి ముడుచుకొనిపోయినవి. అప్పుడుగాని వైద్యుని చూడలేదు. రోగము నయమైనది, వ్రేళ్ళు చక్కబడలేదు. చిట్టమూరు ప్రాథమిక ఆరోగ్య కేంద్రము మీదుగా పోవునపుడెల్ల నాకు ఆ గంగాళము జ్ఞప్తికి వచ్చును.

నాడు నాకు తెలియని సంగతులు నేడు ఎల్లరకు తెలియవలెను. ఈ రోగమునకు కారణమైన సూక్ష్మజీవిని 1873లో నార్వే దేశమున హాన్సెన్ కనుగొనెను. అది మిగుల మందగతి గలది. సోకిన పిదప లక్షణములు బయల్పడుటకు సాధారణముగా అయిదేండ్లు, ఒక్కొకచో ఇరువదియేండ్లును పట్టును. చికిత్స పొందని రోగితో చిరకాలము సన్నిహితముగా నుండిననే, తుమ్ము దగ్గుల తుంపరల ద్వారా సంక్రమించును. అదియు అందఱికి గాదు. అత్యధికులకు సహజముగనే నిరోధశక్తి యుండును. చేయి తాకిన, ప్రక్కన కూర్చున్న, తీర్థము పుచ్చుకొన్న అంటుకొనునది గాదు. 1981లో ప్రపంచ ఆరోగ్య సంస్థ రిఫాంపిసిన్, డాప్సోన్, క్లోఫాజిమిన్ అను మందుల కూటమిని నిర్దేశించెను. వ్యాధి కొద్దిగా నున్నచో ఆఱు మాసములు, హెచ్చుగా నున్నచో పండ్రెండు మాసములు సేవింపవలెను. వెల లేదు. మందు మొదలిడిన కొలది కాలమునకే రోగి ఇతరులకు అంటించు స్థితి దాటును.

బొల్లిని చూచి దీనిగా భ్రమించి హడలిపోవువారును కలరు. బొల్లిమచ్చ పాలవలె తెల్లగా నుండును, దానిపై స్పర్శ చెడదు. అది అంటురోగము గానేకాదు. పాలిపోయినదో ఎఱ్ఱనిదో అయి స్పర్శ తెలియని మచ్చను చూచినపుడు జాగ్రత్త వహింపవలెను. నొప్పి లేదు, దురద లేదు. కాబట్టియే జనులు ఉపేక్షింతురు. బాధలేని రోగమునకు వైద్యుని యొద్దకు ఎవరు పోవుదురు? ఇట్టి రోగమునకే ప్రత్యేకముగా ఒక దినము కావలెను.

2005 డిసెంబరు నాటికి మన దేశమున పదివేలమందికి ఒకరికన్న తక్కువ రోగులు చికిత్సలో నుండు స్థితి వచ్చినది. అది గొప్ప విజయమే. కాని రోగము పోయినదని జనులు తలంచిరి. నేటికిని ఏటేట సుమారు లక్షమంది క్రొత్త రోగులు మన దేశమున బయల్పడుచున్నారు, అది ప్రపంచపు లెక్కలో సగమునకు మించినది. 2017 నుండి జనవరి 30న "స్పర్శ" పేరిట గ్రామసభలలో ప్రతిజ్ఞ చదివించుచున్నారు. ఈ పేరు పెట్టినవారెవరో గాని నాకు మిగుల నచ్చినది. రోగిని మనము స్పృశింపవలె ననియు, రోగి కోల్పోయినది స్పర్శ యనియు రెండర్థములు ఒక్క మాటలో నిమిడినవి. చట్టములును మెల్లమెల్లగా మాఱుచున్నవి: రోగులను వేఱుచేయు 1898 నాటి చట్టము 2016లో రద్దయ్యెను, ఈ రోగము విడాకులకు కారణము గాదని 2019లో చట్టము సవరింపబడెను. ఇంత ఆలస్యమేల యని నన్నడుగవలదు.

ఈ మాసమున ఇంటిల్లిపాదికి నలుగు పెట్టుకొనునప్పుడు ఒకరి వీపు ఒకరు చూడుడు. మచ్చ కనబడినచో దూదిపీచుతో తాకి, కన్నులు మూసికొని తెలిసినదేమో చెప్పుమనుడు. తెలియకున్నచో ఆశా కార్యకర్తతో చెప్పినను చాలును.

అన్నగారు ఇప్పటికిని ఏటేట మా కోవెలకు వచ్చుచుందురు. ముడుచుకొన్న వ్రేళ్ళ సందులనుండి తీర్థము జారిపోవుచుండును. కావున నేను ఎడమచేతితో ఆయన అరచేయిని క్రిందినుండి పట్టి, ఉద్ధరిణెతో మెల్లగా పోయుదును. "ఇప్పుడు నిలిచినదా అన్నగారూ?" అని అడుగుదును. "చూచి చెప్పవలెను స్వామీ, చేతికి తెలియదు గదా" అందురు.