యంత్రాశ్వ హృదయం

నలమహారాజు అశ్వహృదయం ఎరిగినవాడు. బాహుకుడనే పేరుతో ఋతుపర్ణుని రథాన్ని ఒక్క దినంలో విదర్భకు చేర్చగలగడం ఆ విద్యాబలం వల్లనే. రౌతుకూ గుర్రానికీ నడుమ ఉండే అట్టి ఏకత్వాన్ని జపాను భాషలో 'జిన్బా ఇత్తాయ్' అంటారు. 1989లో చికాగో మోటారు ప్రదర్శనలో మాజ్దా సంస్థ ఆవిష్కరించిన ఎం.ఎక్స్-5 అనే రెండు సీట్ల కారుకు ఈ మాటే ఆదర్శం. తోషిహికో హిరాయ్ నాయకత్వంలో రూపొందిన ఆ తొలి కారు బరువు సుమారు 950 కిలోలు, ఇంజను 1.6 లీటర్లది. మహావేగం దాని లక్ష్యం కాదు. నడిపేవాని చేతి కదలికకు వెంటనే బదులు పలకడమే దాని ప్రత్యేకత.

ఆ తొలి తరం కార్లకు నేడు పాతికేళ్లు ఎప్పుడో దాటాయి. ముచ్చటపడి అట్టి కారును కొన్నవారు మొదటి ప్రయాణంలోనే నిరాశ చెందడం కద్దు. స్టీరింగు మందకొడిగా తిరుగుతుంది, గేరు మొరాయిస్తుంది, బ్రేకు మెత్తగా లోనికి పోతుంది. విన్నదానికీ కన్నదానికీ పొంతన కుదరక, పలువురు గట్టి స్ప్రింగులకూ వెడల్పు చక్రాలకూ ధనం వెచ్చిస్తారు. ఇది రోగమెరుగని వైద్యం. కారు కోల్పోయినది బలాన్ని కాదు. కాలం హరించినది రబ్బరులోని జీవాన్ని, నూనెలలోని సారాన్ని.

మొదట చూడవలసినవి టైర్లు. నేలను తాకేవి అవి మాత్రమే కదా! పైగాళ్లు లోతుగా ఉన్నంత మాత్రాన టైరు మంచిదని భావించరాదు. ఏళ్లు గడిచేకొద్దీ రబ్బరు గట్టిపడి పట్టు సడలుతుంది. టైరు పక్కభాగాన ఉండే నాలుగంకెల సంఖ్య దాని జన్మపత్రం వంటిది. '1512' అని ఉంటే 2012వ సంవత్సరం పదిహేనవ వారంలో తయారైనదని అర్థం. గాలి విషయంలోనూ పొరపాటు సహజం. ఈ తేలికపాటి కారుకు తయారీదారులు నిర్ణయించినది చదరపు అంగుళానికి 26 పౌండ్లు. ఇతర కార్లకు వలె 32 నింపితే చిన్న గతుకుకే ఎగిరిపడుతుంది. పైసా ఖర్చు లేని ఈ సవరణతోనే కొన్ని కార్ల స్వభావం మారిపోతుంది.

తరువాతిది చక్రాల అమరిక. ఈ కారులో ముందు చక్రాలనే కాక వెనుక చక్రాలనూ సవరించే బోల్టులు ఉన్నాయి. ఏళ్ల తరబడి గోతులలో పడిలేచిన చక్రాలు తమ కోణాలను తప్పుతాయి. వాటిని సరిచేయిస్తే, మలుపు తిరిగిన పిమ్మట స్టీరింగు తనంతట తానే నడిమికి వస్తుంది. అయితే తుప్పుతో బిగిసిన బోల్టులు ఓర్పుకు పరీక్ష పెడతాయి.

గేరు సంగతి మరీ విచిత్రం. గేరు కడ్డీ అడుగున చిన్న గుంట, అందులో కొద్దిపాటి నూనె ఉంటాయి. పైనున్న రబ్బరు తొడుగులు చిరిగి, నూనె ఇంకిపోయి, ప్లాస్టిక్ బుష్ అరిగిపోతే గేరుపెట్టె పాడయిందని యజమాని భయపడతాడు. తొడుగులు, బుష్ మార్చి, నూనె పోస్తే మణికట్టు కదలికతోనే గేరు పడుతుంది.

బ్రేకుల యందు మాత్రం ఉపేక్ష పనికిరాదు. బ్రేకు ద్రవం గాలిలోని తేమను పీల్చుకుంటుంది. డాట్-3 ప్రమాణం ప్రకారం కొత్త ద్రవం కనీసం 205 డిగ్రీల సెల్సియస్ వరకు మరగకూడదు. తేమ చేరిన ద్రవానికి ఆ హద్దు 140 డిగ్రీలే. కొండదారిలో దిగుతూ పదేపదే బ్రేకు వేసినప్పుడు ద్రవం మరిగి ఆవిరి బుడగలు ఏర్పడితే, పెడలు నేలకంటినా బండి ఆగదు. కావున రెండేళ్లకొకసారి ద్రవాన్ని మార్చడం క్షేమకరం. అనుభవం లేనివారు ఈ పనిని మెకానిక్‌కే అప్పగించాలి.

పాత రబ్బరు విలువను తయారీ సంస్థ కూడా గుర్తించింది. 2017లో జపానులో ఈ తొలి తరం కార్ల పునరుద్ధరణ పథకాన్ని ప్రకటించిన మాజ్దా, బ్రిడ్జ్‌స్టోన్ సంస్థతో కలిసి నాటి టైరును అదే పరిమాణంలో మళ్లీ తయారుచేయించింది. ఇంత జరిగినా కారు మలుపులలో ఊగితే, అప్పుడు సస్పెన్షను కీళ్లలోని రబ్బరు బుష్‌లను, షాక్ అబ్జార్బర్లను పరీక్షించాలి. గట్టి స్ప్రింగుల ఆలోచన ఆ తరువాతిదే.