చిగురు నేర్పు పాఠము

శిశిరమున ఆకులు రాల్చి మోడువలె నిలిచిన చెట్టు వసంతాగమనముతో చిగురించును. సంగారెడ్డి ప్రాంతపు పల్లెల పొలిమేరలందు ఫాల్గుణ మాసమున మోదుగులు ఎఱ్ఱని పూలతో నిండిపోవును. చైత్రము ప్రవేశించునప్పటికి వేపచెట్లు లేత యాకులు తొడిగి, ఉగాది పచ్చడికి పూత నందించును. చూచువారికి ఈ మార్పు రాత్రికి రాత్రి జరిగినట్లు తోచును. కాని వేళ్లు ఏడాది పొడవునను నేలలోని తడిని వెదకుచునే యుండును. కాండము ఆహారమును నిలువచేయుచునే యుండును. ఎవ్వరికిని కానరాని ఆ కృషికి చిగురు ఫలము. మానవుని అభివృద్ధియు నిట్టిదే.

ఈ సత్యమునకు పటాన్‌చెరు నందే చక్కని దృష్టాంతము కలదు. 1972వ సంవత్సరమున ఇచట ఇక్రిసాట్ అను అంతర్జాతీయ వ్యవసాయ పరిశోధన సంస్థ నెలకొల్పబడినది. జొన్న, సజ్జ, శనగ, కంది, వేరుశనగ వంటి మెట్టపంటలపై అందు పరిశోధనలు జరుగుచున్నవి. ఒక క్రొత్త వంగడము రైతు చేతికి వచ్చుటకు సాధారణముగా పది సంవత్సరముల వఱకు పట్టును. శాస్త్రజ్ఞులు రెండు రకములను సంకరపఱచి, మంచి మొక్కలను తరతరమునకు ఏరి, పలుచోట్ల నాటి పరీక్షింతురు. త్వరపడినచో ఆ విత్తనము నమ్మదగినది కాదు. ఒక శనగగింజను బాగుచేయుటకే ఇంత ఓర్పు వలసినప్పుడు, మనుష్యుడు తన్ను తాను మూడు దినములలో మార్చుకొనజూచుట న్యాయమగునా?

అయినను లోకమున జరుగుచున్నది అదియే. పటాన్‌చెరు, సంగారెడ్డిల మధ్య కర్మాగారములు పెక్కు గలవు. వానిలో పనిచేయువారికి ఒక వారము పగటి షిఫ్టు, మఱియొక వారము రాత్రి షిఫ్టు. నిద్రకు వేళ యుండదు, భోజనమునకు నియమముండదు. ఇట్టి యింటి యువకు డొకడు ఉగాదినాడు యోగాభ్యాసము చేయ నిశ్చయించెననుకొందము. మొదటి దినముననే గంటసేపు కఠినాసనములకు పూనుకొనును. రెండవ దినమున నడుము పట్టును. మూడవ దినమున లేవలేకపోవును. నాలుగవ దినమున ‘ఇది నావల్ల కాదు’ అని చాలించును. అతడు పోగొట్టుకొన్నది ఆసనములను మాత్రమే కాదు. తనమీద తనకు గల నమ్మకమును గూడ పోగొట్టుకొనెను. అదియే పెద్ద నష్టము.

యోగసూత్రములను రచించిన పతంజలి ఈ అపాయమును ఎఱిగినవాడే. అభ్యాసము చిరకాలము, ఎడతెగక, ఆదరముతో సాగినప్పుడే గట్టిపడునని ఆయన యభిప్రాయము. యోగమునకు ఆయన ఎనిమిది అంగములు చెప్పెను. అవి యమము, నియమము, ఆసనము, ప్రాణాయామము, ప్రత్యాహారము, ధారణ, ధ్యానము, సమాధి. వీనిలో ఆసనము మూడవది. అంతకు ముందే అహింస, సత్యము మున్నగునవి యున్నవి. అహింస యనగా ఇతరులను బాధింపకుండుట మాత్రమే కాదు. తన దేహమును శక్తికి మించి హింసింపకుండుటయు అందు చేరును.

శరీరమునకు ఆసన మెట్లో, మనస్సునకు ఎఱుక అట్టిది. సంగారెడ్డి జిల్లాలో కొండాపురమను గ్రామము కలదు. 1940 ప్రాంతమున నాటి హైదరాబాదు సంస్థానపు పురావస్తు శాఖవారు అచట త్రవ్వకములు జరిపిరి. శాతవాహనుల కాలపు నాణెములతో పాటు బౌద్ధ కట్టడముల శిథిలములును బయల్పడినవి. బుద్ధుడు బోధించిన అష్టాంగ మార్గమున ఏడవది సమ్యక్ స్మృతి. చేయుచున్న పనియందే మనస్సు నిలిపి, వచ్చిపోవు శ్వాసను గమనించుట దాని సాధనములలో నొకటి. నేడు ఇది దేశదేశముల వ్యాపించినది. 1979లో అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయ వైద్య కళాశాలయందు జాన్ కబాట్‌జిన్ అను ఆచార్యుడు దీర్ఘకాలిక బాధలు గల రోగులకు ఈ సాధనను నేర్ప నారంభించెను. ఆ శిక్షణకును 8 వారముల కాలము నిర్ణయింపబడెను.

అభ్యాసమును కొలదిగా ఆరంభింపవలెను. మొదటి వారమున ప్రతిదినము ఐదు నిమిషములు నిటారుగా కూర్చుండి, శ్వాసను గమనించిన చాలును. గాలిని మెల్లగా విడుచునప్పుడు గుండె వేగము కొంత తగ్గును, మనస్సు కుదుటపడును. మనస్సు పరుగెత్తినచో కోపగింపక, దూడను కట్టుకొయ్య కడకు తెచ్చినట్లు మరల శ్వాస కడకు తేవలెను. పిదప తాడాసనము వంటి సులభాసనము లొకటి రెండు చేర్చుకొనవచ్చును. భోజనమైన వెంటనే ఆసనములు వేయరాదు. రోగులు వైద్యుని యడిగియే పూనుకొనవలెను. రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవానికి ముందు కావలసినది నిద్ర. నిద్ర లేచిన పిదపనే సాధన.

గాలి విషయమునను జాగ్రత్త అవసరము. 2009లో కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి ప్రకటించిన తీవ్ర కాలుష్య ప్రాంతముల పట్టికలో పటాన్‌చెరు–బొల్లారము చేరెను. పొగయు, ఘాటైన వాసనయు కమ్మిన వేళ ఆరుబయట దీర్ఘముగా శ్వాసించుట మేలు గాదు. శుభ్రమైన తావును, వేళను ఎన్నుకొనవలెను. తన శ్వాసను గమనింప నేర్చినవాడు ఊరి గాలిని గూర్చియు ఆలోచించును. ఊరిలో చెట్లు పెంచుటయు, పొగను అరికట్ట గోరుటయు అట్టివానికి సహజముగా అలవడును.

కన్నడదేశమున 1918లో జన్మించిన బి.కె.ఎస్. అయ్యంగారు బాల్యమున రోగపీడితుడు, మిక్కిలి బలహీనుడు. 1934లో మైసూరునకు పోయి, తన అక్కభర్తయగు కృష్ణమాచార్యుల యొద్ద యోగము నేర్వ నారంభించెను. ‘లైట్ ఆన్ యోగా’ యను ఆయన గ్రంథము వెలువడినది 1966లో. ఆ రెంటి నడుమ మూడు దశాబ్దముల అభ్యాసము కలదు. తొంబది యేండ్లు దాటిన పిదపను ఆయన సాధన మానలేదు.

ఐక్యరాజ్యసమితి 2014లో చేసిన తీర్మానము ననుసరించి, 2015 నుండి జూన్ 21వ తేదీ అంతర్జాతీయ యోగ దినముగా జరుపబడుచున్నది. ఆ దినమున వేలమంది ఒక్కచో గుమిగూడి ఆసనములు వేయుట చూడముచ్చటగా నుండును. అయినను యోగము ఫలించునది తక్కిన దినములలో, ఎవ్వరును చూడని యింటిమూలన. ఒకనాడు తప్పినచో తన్ను తాను నిందించుకొనక, మఱునాడు మరల కూర్చుండవలెను. వడగండ్లకు చిగురు రాలినను వేపచెట్టు వసంతమును విడువదు. మఱియొక కణుపున మరల చిగురించును.