చకారార్థములు – తెలుగున సముచ్చయ పదముల ఎంపిక

సంస్కృతమున చకారము ఒక్కటే. దాని అర్థములు నాలుగు. ద్వంద్వసమాసమును విధించు పాణిని సూత్రమును (2-2-29) వివరించుచు భట్టోజీ దీక్షితులు సిద్ధాంతకౌముదియందు సముచ్చయము, అన్వాచయము, ఇతరేతరయోగము, సమాహారము అని వానిని నిరూపించినారు. ఈ విభాగమును కంఠస్థము చేసిన విద్యార్థియే అనువాదమునకు పూనుకొనగానే అన్నింటికిని "మరియు" అను ఒక్క పదమునే వాడుట తరచుగా కానవచ్చుచున్నది. ఇందు అర్థహాని ఎట్లు కలుగునో పరిశీలింపదగును.

పరస్పరాపేక్ష లేని పదములు ఒకే క్రియతో అన్వయించుట సముచ్చయము. "పాలును పండ్లును తెమ్ము" అనునది గ్రాంథికరూపము. "పాలూ పండ్లూ తే" అనునది వాడుక. ఓరుగంటి అంగడివీధిలో "పాలు మరియు పండ్లు తే" అనువారు కానరారు.

ఒకటి ప్రధానము, మరొకటి ఆనుషంగికము అయినచో అన్వాచయము. "భద్రకాళి గుడికి పోయి రమ్ము, పనిలో పనిగా పూలు కూడ తెమ్ము." ఇచట పూలు దొరకకున్నను గుడికి పోవుట మానరాదు. "గుడికి పొమ్ము మరియు పూలు తెమ్ము" అన్నచో రెండును సమప్రధానములగును. ధర్మశాస్త్ర వాక్యములందు ఈ పొరపాటు జరిగినచో ఐచ్ఛికము విధిగా మారును. చేయలేనివానికి లేని దోషము అంటును. కావున అన్వాచయమునకు "పనిలో పనిగా", "కూడ" అనునవియే తగిన తెలుగు.

ఇతరేతరయోగమునకు "రామలక్ష్మణులు" వంటి బహువచనాంత ద్వంద్వము చాలును. సమూహమే ప్రధానమైన సమాహారమునకు "ఇల్లూవాకిలీ", "గొడ్డూగోదా" వంటి జంటపదములు సన్నిహితములు. వీని నడుమ "మరియు" చేర్చినచో ఆ ఏకత్వము చెడును.

అట్లని "మరియు" త్యాజ్యము కాదు. అది ప్రాచీనపదమే. బమ్మెర పోతన భాగవతమున "మఱియును" అనునది పద్యముల నడుమ నిలిచి, "అంతియే గాక" అను అర్థమున తరువాతి విషయమునకు దారి తీయును. వాక్యమును వాక్యముతో కలుపుట దాని సహజస్థానము. నేటి ప్రభుత్వపత్రములలో రెండు నామముల నడుమ అది విరివిగా నిలుచుట ఆంగ్లానువాద ప్రభావము. దీర్ఘమైన పట్టికలలో స్పష్టతకై అది ఉపకరింపవచ్చును గాని, నిత్యవ్యవహారమునకు అది ప్రమాణము కాజాలదు.

అనువాద పాఠమున అధ్యాపకుడు మొదట అడుగవలసినది "చకారమునకు తెలుగేమి?" అని కాదు, "ఇచట ఏ చకారార్థము?" అని. అర్థము తేలినచో పదము తానై దొరకును.