ఏటిగట్టున మంద

పాలారు నది కోలారు జిల్లా గుండా తమిళనాడుకు సాగుతుంది. ఏడాదిలో ఎక్కువ కాలం అందులో ఇసుకే కనిపిస్తుంది. ఆ నీటిని నిలిపిన బేతమంగల చెరువు బంగారు గనుల ఊరి దాహం తీర్చింది.

కోతలయ్యాక గొర్రెల కాపరులు రైతును అడిగి, ఏటిగట్టు చేలలో మంద కడతారు. చుట్టూ ముళ్లకంప, కప్పుకోను కంబళి; అదే వారి విడిది. ఇసుక ఎంత మెత్తనైనా ఏటిలో పడుకోరు. ఎగువన వాన పడితే రాత్రికి రాత్రే వరద రావచ్చు. పొద్దున పొయ్యి ఆర్పి కదులుతారు. గొర్రెల పెంటికలు చేనికి ఎరువవుతాయి. అందుకు రైతు ధాన్యమో డబ్బో ఇస్తాడు.

బంగారు గనులు 2001లో మూతపడ్డాయి. సైనైడు దిబ్బలు మాత్రం ఇంకా ఉన్నాయి. గాలి వీస్తే వాటి ధూళి ఇళ్ల మీద పడుతుంది. కాపరి విడిచిన చేనిలో మరుసటి వానకు రాగి పైరు ఏపుగా ఎదుగుతుంది.